పీడీబీ: సున్నాకు పెట్టిన పేరు

సున్నపురాళ్ళ ఐసోటోపు లెక్కలు చూసేవారికి ‘పీడీబీ’ తప్పక తగులుతుంది. పీ డీ బెలెమ్నైట్‌కు అది పొట్టిపేరు. పీ డీ అమెరికాలో దక్షిణ కరోలినాలోని నది. దాని పేరు పెట్టుకున్న రాతిపొరల్లో దొరికిన శిలాజం ఇది. బెలెమ్నైట్ స్క్విడ్‌కు చుట్టం. గ్రీకు ‘బెలెమ్నాన్’ అంటే విసిరే ఈటె. శిలాజం చూస్తే నిజంగానే మొనదేలి ఉంటుంది, ఎంత చక్కటి పేరో!

షికాగోలో హెరాల్డ్ యూరీ బృందం దాని పొడిమీద ఫాస్ఫారిక్ ఆమ్లం పోసి, వెలువడ్డ కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపింది. 44, 45, 46 ద్రవ్యరాశుల అణువుల పాళ్ళు కొలిచి, వాటినుంచి వచ్చిన ఐసోటోపు నిష్పత్తినే సున్నా అనుకున్నారు. తక్కిన రాళ్ళ తేడాను వెయ్యికి ఇన్ని వంతులని చెబుతారు. ఆ పొడి ఎప్పుడో అయిపోయింది. ఎన్‌బీఎస్-19 అనే మరో సున్నపురాతి పొడి ఆధారంగా అదే సున్నాను నిలబెట్టారు. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చలవతో ముందు ‘వీ’ చేరి, ఇప్పుడది వీపీడీబీ.