వంశావళిలో వ్రాయని పద్దు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గ్రామమున లెక్కలు వ్రాయువాడను, పండితుడను గాను. కావ్యములు చదువుటకు ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు బడి. కావున రాజుల చరిత్రను పెద్దలకు విడిచి, మా యింటి పెట్టెలో దొరికిన చరిత్రను, దానిని వెదకుటకు నన్ను పురికొల్పిన రోగమును గూర్చి వ్రాయుచున్నాను.

పండ్రెండేండ్లుగా నాకు మధుమేహము. రెండేండ్ల క్రిందట జమాఖర్చుల పుస్తకములోని అంకెల నడుమ నల్లని మచ్చలు తేలసాగెను. కర్నూలులో కంటివైద్యుడు చూచి, కంటి వెనుకపొరలోని సన్నని రక్తనాళములు చెడినవని చెప్పి, లేజరు చికిత్స చేసెను. చేయుచు, "మీ వంశములో ఎవరికైన ఈ జబ్బు ఉండెనా? ఎవరికైన చూపు పోయినదా?" అని అడిగెను. ఏడు తరముల పేర్లు తడువుకొనక చెప్పగల నేను ఆ ప్రశ్నకు బదులు చెప్పలేకపోతిని.

ఏడు తరముల పేర్లు నాకెట్లు తెలిసినవి? మా పూర్వులు కరణములు. కరణముల యిండ్లలో వంశావళి భక్తికొరకు కాదు, హక్కుకొరకు వ్రాయబడినది. 1800లో నిజాము కడప, బళ్లారి ప్రాంతములను కుంఫిణీకి దత్తము చేసెను. కర్నూలు నవాబుల పాలన 1839లో ముగిసెను. ఆ కాలమున కర్నల్ మెకంజీ పంపిన మనుష్యులు ఊరూర కరణముల కవిలెలను చూచి కైఫీయతులు వ్రాసికొనిపోయిరి. బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించెను. కడప జిల్లా కైఫీయతులు మన కాలమున కడపలోని బ్రౌను కేంద్రము నుండి అచ్చుపడినవి. మన పాఠకులు చూడదగినవి.

తరువాత 1858లో ఇనాము కమీషను ఏర్పడెను. మాన్యము అనుభవించువాడు, మొదట దానము పొందినవానికి తాను ఏమగునో చెప్పుకొనవలసివచ్చెను. 1895 నాటి చట్టము గ్రామోద్యోగములకు వంశక్రమమును ఖాయపరచెను. ఇక వంశావళి లేని యిల్లు హక్కు లేని యిల్లే. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు, గ్రామోద్యోగమునకు పుట్టుకను అర్హతగా చూచుట రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. 1984 జనవరిలో కరణీకములే రద్దయినవి. హక్కు పోయినది, కాగితము మిగిలినది.

ఆ కాగితమును భూతద్దముతో మరల చదివితిని. అందు జ్యేష్ఠపుత్రుల పేర్లు పెద్ద యక్షరములతోను, తమ్ముల పేర్లు చిన్న యక్షరములతోను ఉన్నవి. సంతానము లేనివాని క్రింద "నిస్సంతు" అని యున్నది. ఒక తరమున వరుసగా ముగ్గురు నిస్సంతు. ఆ తరము 1876-78 నాటి ధాత కరువు కాలమున బ్రదికినది. వారిని పొట్టన బెట్టుకొన్నది ఆకలియో, వాంతిభేదియో, జ్వరమో, కారణము వ్రాయలేదు. హక్కునకు దానితో పనిలేదు. ఆడువారి పేరు ఒక్కటియు లేదు.

అప్పుడు ఛాయాచిత్రముల కట్ట విప్పితిని. అట్టపై అంటించిన యొక చిత్రము వెనుక "నందన సం॥" అని యున్నది, అనగా 1952-53. మా తాత కుర్చీలో కూర్చుండెను. ముందు పూలకుండీ. ఆ కుండీ చాటున ఎడమపాదమునకు గుడ్డ చుట్టియుండుట భూతద్దమునకు గాని తెలియలేదు. వెనుక అయిదుగురు స్త్రీలు నిలిచియున్నారు. మరుసటి యేట, కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యైన 1953లో, మా తాత గతించెను. తుమ్మముల్లు గుచ్చుకొని పోయెనని యింటివారి మాట.

చిత్రము తీసికొని మా మేనత్తకడకు పోతిని. ఆమెకు ఎనుబదియైదేండ్లు దాటినవి. చూచి చూచి యిట్లనెను: "ముల్లు కాదురా నాయనా. ఆ పుండు అంతకుముందు నుంచే మానల్యా. నాయన పెరట్లో కూచున్నచోట చీమలు పట్టేవి. ఎవురికీ చెప్పొద్దండి, ఆడపిల్లలకు సంబంధాలు రావు అని అమ్మ మా నోర్లు మూయించింది."

పిమ్మట అయిదుగురు స్త్రీల పేర్లును చెప్పెను. వారిలో మా తాత చెల్లెలు, కన్నులు కానరాక తన తుది యిరువది యేండ్లు గోడ పట్టుకొని నడచెనట. వైద్యుడడిగిన ప్రశ్నకు బదులు ఏడు తరముల కాగితములో లేదు. పేరెక్కని యొక స్త్రీయందుండెను, మరియొక స్త్రీ జ్ఞాపకమందుండెను.

ఛాయాచిత్రము వైద్యుడు గాదు. దానిని చూచి రోగము నిర్ణయింపరాదని నేనెరుగుదును. అయినను లెక్కలు వ్రాయువానికి అనుమానపు పద్దు కనబడినపుడు దానిని విడుచుట తగదు. సుశ్రుతుడు ప్రమేహము రెండు విధములని, ఒకటి తలిదండ్రుల బీజదోషమున పుట్టునది, రెండవది అపథ్యమున వచ్చునదని చెప్పినాడు. నేటి వైద్యులును, వంశమునుండి వచ్చునది రోగమునకు అనువే గాని రోగము కాదనియు, ముందుగ తెలిసికొన్నచో ఆహారముచేతను, నడకచేతను, మందుచేతను అదుపున నుంచవచ్చుననియు చెప్పుచున్నారు. 1921లో టొరంటోలో ఇన్సులిను కనుగొనబడినది. మా తాత గతించునాటికి అది ముప్పదియేండ్ల పాత మందు. కాని దాచిన రోగమునకు ఏ మందు చేరును?

కాళిదాసుని రఘువంశమును నేను పలుమారులు చదివితిని. అది వంశావళియే. తుది సర్గలో అగ్నివర్ణుడు క్షయరోగమున క్షీణించుచుండగా, మంత్రులు ఆ సంగతి ప్రజలకు తెలియనీయరు. అంతటి వంశకథ దాచిన రోగముతో ముగియుటేమని పూర్వము ఆశ్చర్యపడితిని. ఇప్పుడు ఆశ్చర్యము లేదు.

ఏలనన, నా కుమారునకు రక్తపరీక్ష చేయింతమని నేననగా, "పెండ్లి కానిండి, తరువాత చూతము" అని మా యింటివారనిరి. డెబ్బదియేండ్ల తరువాతను అదే మాట! నేను చిత్రమును వారి ముందుంచి, పూలకుండీ చాటున నున్నదేమో చూపితిని. పరీక్ష చేయించితిమి. అందు వచ్చిన అంకె నా కుమారునిది గాన ఇచ్చట వ్రాయను. మా యింటి క్రొత్త పుస్తకములో వ్రాసితిని. సంబంధము మాటలాడ వచ్చినవారికి వాడే స్వయముగ చెప్పెను.

ఆ క్రొత్త పుస్తకములో మగవారితో సమముగ ఆడువారి పేర్లు, పుట్టినిల్లు, మెట్టినిల్లు, గతించిన వయస్సు, తెలిసినంతవరకు కారణము వ్రాయుచున్నాను. కంటిచూపు నిలుచునంతవరకే నాకు గడువు.

గ్రామస్థులకు నా మనవి యొక్కటి. నలుపు తెలుపుల పాత చిత్రములలోని రూపము వెండి రేణువుల రూపము. మన మండుటెండలకును, వాన చెమ్మకును అది వెలిసిపోవును. చిత్రములను తడిగుడ్డతో తుడువవద్దు. వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాయుడు. ఇంటి ముదుసలులను ముందుగ అడుగుడు, చిత్రముకంటె వారి జ్ఞాపకము త్వరగ పోవును. గ్రంథాలయమువారు ఒక బీరువా కేటాయించి, ఇష్టపడి యిచ్చినవారి చిత్రములకు ప్రతులు తీయించి భద్రపరుపవలెను. రోగముల పద్దుమాత్రము ఎవరి యింట వారే యుంచుకొందురుగాక. కాని వ్రాసి యుంచుకొందురుగాక. హక్కుకొరకు మన పెద్దలు ఏడు తరములు వ్రాసిరి. ఆయువుకొరకు మనము మూడు తరములైన వ్రాయలేమా?