బొబ్బిలి యుద్ధము: చలనచిత్రమున మఱుగుపడిన దండయాత్ర

1964వ సంవత్సరమున వెలువడిన "బొబ్బిలి యుద్ధం" చలనచిత్రమున నందమూరి తారక రామారావు రంగారాయుఁడుగను, భానుమతి మల్లమదేవిగను, ఎస్. వి. రంగారావు తాండ్ర పాపారాయుఁడుగను నటించిరి. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము, వేదము వేంకటరాయశాస్త్రిగారి నాటకము, జంగముల కథలు, వీనివలెనే యీ చిత్రమును బొబ్బిలి విజయనగర సంస్థానముల వైరమునే కథకుఁ బ్రాణముగాఁ గైకొన్నది. ఆ వైరము కల్పితము గాదు. కాని 1757 జనవరి 24వ తేదిని బొబ్బిలికోటపై ఫ్రెంచి ఫిరంగులు మ్రోగుటకు అది యొక్కటియే చాలిన కారణము గాదు.

1753లో సలాబతుజంగు ఉత్తరసర్కారులను నాల్గింటిని ఫ్రెంచిసేనల జీతభత్యముల నిమిత్తము బుస్సీకొసఁగెను. నాఁటినుండి సిపాయి జీతము జమీందారుఁడు చెల్లించు పేష్కషుపై నాధారపడినది. 1756లో సలాబతుజంగు ఫ్రెంచివారిని గొలువునుండి తొలఁగింపఁగా, బుస్సీ హైదరాబాదునందలి చార్మహలు నాశ్రయించి యెదిరించెను. ఆ సంక్షోభమున జమీందారులు పలువురు ధనము నిలిపివేసిరి. విజయరామరాజు నిలుపలేదు. సంధి కుదిరిన పిదప బుస్సీ సర్కారులకు దండు వెడలినప్పుడు ఆ రాజు మాట కెంత విలువ యుండెనో వేఱ చెప్పనక్కఱలేదు.

జానపదులు బుస్సీని "మూసాబూసీ" యనిరి. ఫ్రెంచివారి "మొస్యూ" అను గౌరవపదమే యిందలి "మూసా"; హైదరాబాదులోని మూసారాంబాగునందును అదియే. బిరుదము పేరిలోఁ గలిసి నిలిచినది గాని, ఆతఁడు వచ్చిన పని కథకుల స్మృతినుండి జాఱిపోయినది.

1778లో వెలువడిన ఓర్ముదొర గ్రంథభాగమును బట్టి చూడఁగా, బొబ్బిలికి మాఱుగా నధికవిస్తీర్ణము గల భూములిత్తునని బుస్సీ రంగారాయునితోఁ బలికెను. లెక్కల దృష్టిచే నది లాభకరమే. పితృపైతామహమైన స్థలమును లెక్కలోనికిఁ దెచ్చుట రంగారాయునికి సమ్మతము గాలేదు. కోట నిలువదని తెలిసినతోడనే లోనివారు తమ స్త్రీలను బిడ్డలను తామే వధించిరి. ఒక వృద్ధుఁడు రంగారాయుని కుమారుని మాత్రము రక్షించి ఫ్రెంచి సేనాని కప్పగించెను. ఇంగ్లీషు కుంపిణీ పక్షమున వ్రాసిన ఓర్ము, ఫ్రెంచివారి యీ విజయమును వర్ణించుచు, ఓడినవారి శౌర్యమునకే యెక్కువ చోటిచ్చుట గమనింపఁదగినది.

విజయరామరాజు వధతోఁ జిత్రకథ పర్యవసించును. దండయాత్ర యంతటితో ముగియలేదు. 1757 జూనులో బుస్సీ విశాఖపట్టణమునందలి ఇంగ్లీషువారి కోఠీని బట్టుకొనెను. మఱుసటేఁడు లాలీ యాతనిని దక్షిణమునకుఁ బిలిపించెను. అంతట విజయనగరమున రాజ్యమునకు వచ్చిన ఆనందరాజు ఇంగ్లీషువారితోఁ జేయి కలిపెను. 1758 డిసెంబరులో చందుర్తికడ వీరిర్వురును ఫ్రెంచివారి నోడించిరి. బొబ్బిలి పడిన రెండేండ్ల మూడుమాసములలోపలనే, 1759 ఏప్రిలులో, బందరుకోటయు ఫ్రెంచివారి చేయి దాఁటెను.