2⁶⁷ – 1: గుట్టు తెలిసినా విప్పలేకపోయిన సంఖ్య

గడిగడికీ గింజలు రెట్టింపు చేసే చదరంగం కథ అందరికీ తెలుసు. ఆ 64 గళ్లకు ఇంకో మూడు తగిలిస్తే, మొత్తం గింజలు 14,75,73,95,25,89,67,64,12,927. అంటే 2⁶⁷ – 1.

ఇది ప్రధాన సంఖ్యేనని 1644లో ఫ్రాన్స్‌లో మారిన్ మెర్సెన్ అనే మతాచార్యుడు తన జాబితాలో రాసేశాడు. నిరూపణ ఇవ్వలేదు. ప్రధాన సంఖ్యనిచ్చే ఘాతం 61 అచ్చుతప్పయి 67గా మారిందని ఆయన్ను వెనకేసుకొచ్చినవాళ్లున్నారు గానీ, అలాంటి ఘాతాలే అయిన 89, 107 కూడా ఆ జాబితాలో లేవు. అన్నిటికీ అచ్చుతప్పేనంటే ఎలా?

పోనీ, భాగించి చూద్దామంటే? ఫెర్మా 1640లోనే ఒక దారి చూపాడు. ఈ సంఖ్యకు కారణాంకం ఏదైనా 134తో భాగిస్తే ఒకటి మిగలాలి. అలా వడకట్టినా వర్గమూలం దాకా సుమారు 9 కోట్ల సంఖ్యలు మిగులుతాయి. 1772లో ఆయిలర్ 2³¹ – 1 ప్రధాన సంఖ్యేనని తేల్చిన పద్ధతి ఇక్కడ చాలదు.

1876లో ఎడ్వార్డ్ లుకా భాగించడమే మానేశాడు. ఆయన పరీక్షను తర్వాత లెహ్మర్ సులువు చేశాడు. 31తో, అంటే 2⁵ – 1తో, చూడండి. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేయాలి: 14. మళ్లీ అలాగే: 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గంలో 2 తీస్తే 62, శేషం సున్నా. ఘాతం కంటే రెండు తక్కువసార్లు, ఇక్కడ మూడుసార్లు, చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. 2⁶⁷ – 1 ఇలాంటి పరీక్షలో నెగ్గలేదు. అది విడిపోతుందని తెలిసింది, ఎలా విడిపోతుందో మాత్రం తెలియలేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

చప్పట్లు మాత్రం ఫ్రాంక్ నెల్సన్ కోల్‌కు దక్కాయి. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభలో ఆయన నోరు విప్పకుండా బోర్డు మీద ఒకపక్క 2⁶⁷ – 1 విలువ, మరోపక్క 193707721 × 761838257287 గుణించి చూపి కూర్చున్నాడని గణిత చరిత్ర రచయిత ఇ.టి. బెల్ రాశాడు. ఆ కారణాంకాలు కనుక్కోవడానికి మూడేళ్ల ఆదివారాలు పట్టాయట. బెల్ కథలకు రంగులద్దే మనిషి, కొంత తగ్గించుకుని నమ్మాలి. లెక్క మాత్రం కచ్చితం.

ఇప్పుడు ఆ పని కంప్యూటరుకు రెప్పపాటు. అయినా 385 అంకెల 2¹²⁷⁷ – 1 ప్రధాన సంఖ్య కాదని తెలిసీ, దాని కారణాంకం ఒక్కటీ ఇంకా ఎవరికీ దొరకలేదు.