నెట్‌బాల్ కోచ్ నోలీన్ టౌరువా: ఒక మావోరీ ఆడబిడ్డ ప్రయాణం

గిలకలదిండి రేవు నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమ లంకల దాకా మన పిల్లలకు కబడ్డీ తెలుసు, ఖోఖో తెలుసు, వాలీబాల్ తెలుసు. నెట్‌బాల్ పేరెత్తితే మాత్రం "బాస్కెట్‌బాలేనా?" అని అడుగుతారు. స్కూల్ గేమ్స్‌లో ఈ ఆట ఉన్నా, నేర్పే మనిషి దొరకక చాలా బడుల్లో అది జాబితాలోనే మిగిలిపోతోంది. అందుకే ఈసారి మన జిల్లా దాటి, సముద్రం దాటి, న్యూజిలాండ్ ఆదివాసీ జాతి అయిన మావోరీల ఆడబిడ్డ ఒకరి గురించి రాస్తున్నాను. ఆమె నెట్‌బాల్ ఆడారు, ఆ తర్వాత నేర్పారు. ఆమెకు పేరు తెచ్చింది ఆ రెండో పనే.

ముందు ఆట సంగతి. జట్టుకు ఏడుగురు. పది అడుగుల ఎత్తున ఇనుప రింగు ఉంటుంది, దాని వెనక బోర్డు ఉండదు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, నేలకు కొట్టుకుంటూ పోకూడదు, మూడు సెకన్లలోపు ఇంకొకరికి అందించాలి. ఎవరు కోర్టులో ఎంతవరకు వెళ్ళవచ్చో ముందే గీత గీసి ఉంటుంది. గోల్ వేసే హక్కు ఇద్దరికే. మిగతా ఐదుగురు ప్రాణం పెట్టి ఆడినా స్కోరులో వాళ్ళ పేరు కనపడదు. ఇలాంటి ఆటలో ఒంటరి మొనగాళ్ళకు చోటు తక్కువ, ఏడుగురినీ ఒక్క తాటి మీద నడిపే కోచ్‌కు పని ఎక్కువ.

1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టారు. అది ఇంగ్లండ్‌లోని ఆడపిల్లల కాలేజీలకు చేరి, నెమ్మదిగా మారి నెట్‌బాల్ అయింది. 1901లో నియమాలు అచ్చయ్యాయి. ఆంగ్లేయుల పాలన, వాళ్ళ బడులు ఎక్కడికి వెళితే ఈ ఆటా అక్కడికి వెళ్ళింది. 1611లోనే మన బందరులో కోఠీ పెట్టుకున్నవాళ్ళు ఈ ఆటను మాత్రం మన బడుల దాకా తేలేదు! న్యూజిలాండ్‌కు ఇది 1906లో చేరింది.

ఆ దేశంలో మావోరీల కథ మనకు కొత్తగా అనిపించదు. 1840లో వైటాంగి ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆ తర్వాత భూములు చేతులు మారాయి, బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. అయినా 1938లో న్యూజిలాండ్ మహిళల జట్టు మొట్టమొదటిసారి విదేశానికి వెళ్ళినప్పుడు దాని కెప్టెన్ మెగ్ మటాంగి అనే మావోరీ అమ్మాయి. ఇంటి దగ్గర తొమ్మిదిమందితో ఆడిన ఆటను ఆస్ట్రేలియాలో ఏడుగురితో ఆడాల్సి వచ్చి 40-11తో ఓడిపోయారు. ఓడితే ఓడారు, మొదటి కెప్టెన్ పేరు మాత్రం మావోరీ పేరే.

1987లో రెండు పనులు జరిగాయి. మావోరీ భాషకు అధికార భాష హోదా వచ్చింది. మావోరీలు తమ సొంత నెట్‌బాల్ సంస్థ పెట్టుకున్నారు. పక్కనున్న ఆస్ట్రేలియాలో ఆదివాసీ అమ్మాయి మార్సియా ఎల్లా-డంకన్ జాతీయ జట్టుకు మొదటిసారి ఆడింది 1986లో. ఆమె తర్వాత షారన్ ఫినన్-వైట్ ఆడారు. మూడో అమ్మాయి డానెల్ వాలమ్ వచ్చేసరికి 2022 అయింది. ఈ తేడాకు కారణాలు చాలా ఉండవచ్చు, కానీ సొంత సంస్థ ఉండటం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

నోలీన్ టౌరువా 1968లో పుట్టారు. మావోరీ తెగల్లో అతి పెద్దదైన నాపుహి ఆమెది. 'సిల్వర్ ఫెర్న్స్' అని పిలిచే జాతీయ జట్టుకు 1994 నుంచి 1999 వరకు 34 మ్యాచ్‌లు ఆడారు. చెప్పుకోదగ్గ సంఖ్యే, కానీ అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు ఆమె గురించి రాసేవాళ్ళు ఉండేవారు కాదు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒక మాట. హాస్టల్లో ఉన్నప్పుడు జిల్లా స్థాయిలో ఆడిన అమ్మాయి ఇంటర్ అయ్యాక, పెళ్ళయ్యాక మైదానం వైపు రాదు. ఆమెకు తెలిసిన ఆట ఆమెతోనే ఆగిపోతుంది. వెనక వచ్చే చెల్లెలు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి, అదీ బయటి మనిషి దగ్గర. బీపీఈడీ చదివి పీఈటీ కావచ్చనీ, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి కోచ్‌లను తయారు చేస్తోందనీ మన ఇళ్ళలో చెప్పేవాళ్ళు తక్కువ.

టౌరువా 2002లో 'మ్యాజిక్' అనే ప్రాంతీయ జట్టు పగ్గాలు పట్టారు. ఐదుగురు పిల్లల తల్లి. 2005లో, 2006లో ఆ జట్టు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2008లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా క్లబ్బులకు కలిపి పెద్ద పోటీ మొదలైంది. తొమ్మిదేళ్ళు సాగిన ఆ పోటీలో టైటిల్ గెలిచిన న్యూజిలాండ్ జట్టు ఒక్కటే: 2012లో టౌరువా జట్టు.

ఇంత చేసినా, 2015లో జాతీయ కోచ్ పదవి జానైన్ సౌత్‌బీకి వెళ్ళింది. టౌరువా అలిగి కూర్చోలేదు. ఆస్ట్రేలియాలో కొత్తగా పుట్టిన 'సన్‌షైన్ కోస్ట్ లైట్నింగ్' జట్టుకు కోచ్‌గా వెళ్ళి 2017లో, 2018లో వరుసగా రెండు టైటిళ్ళు గెలిపించారు.

అదే 2018లో కామన్వెల్త్ క్రీడల్లో న్యూజిలాండ్ మలావీ చేతిలో 57-53తో ఓడి చివరికి నాలుగో స్థానంలో మిగిలింది. ఆ క్రీడల్లో నెట్‌బాల్ వచ్చిన 1998 నుంచి పతకం లేకుండా తిరిగి రావడం వాళ్ళకు అదే మొదటిసారి. అప్పుడు టౌరువాను పిలిచారు. ప్రపంచ కప్‌కు ఏడాది కూడా లేదు.

ఆమె మొదట పట్టుకున్నది శరీర దారుఢ్యం. పెద్ద పేరున్నవాళ్ళకైనా మినహాయింపు లేదు. తర్వాత పాత మనుషులను వెనక్కి తెచ్చారు. విదేశీ క్లబ్బుకు ఆడినందుకు కామన్వెల్త్ క్రీడలకు దూరమైన లారా లాంగ్‌మన్ కెప్టెన్ అయ్యారు. ఆట మానేసి బిడ్డ తల్లి అయిన కేసీ కోపువా మళ్ళీ రక్షణ పంక్తిలో నిలబడ్డారు. ఇద్దరూ 'మ్యాజిక్' జట్టులో ఆమె చేతి కింద ఎదిగినవాళ్ళే. పదేళ్ళ కింద నాటిన మొక్కల పండు అప్పుడు చేతికొచ్చిందన్నమాట.

2019 జూలైలో లివర్‌పూల్‌లో పోటీలు. గ్రూపు దశలో ఆస్ట్రేలియా చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడారు. సెమీఫైనల్లో సొంత గడ్డ మీదున్న ఇంగ్లండ్‌ను 47-45తో దాటారు. 21న ఫైనల్, మళ్ళీ ఆస్ట్రేలియాతోనే. ఈసారి 52-51. ఆ ఒక్క గోల్ ఇటు పడింది. 2003 తర్వాత న్యూజిలాండ్‌కు అదే మొదటి ప్రపంచ కప్. 2020 కొత్త సంవత్సరం గౌరవాల్లో టౌరువాకు 'డేమ్' బిరుదు వచ్చింది. అది ఆ దేశపు అత్యున్నత గౌరవాల్లో ఒకటి.

పొగడ్తలతో ఆపేస్తే సగం కథే చెప్పినట్టు. 2023లో కేప్‌టౌన్ ప్రపంచ కప్‌లో అదే కోచ్, అదే దేశం నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో జట్టు వాతావరణం గురించి కొందరు ఆటగాళ్ళు అభ్యంతరాలు చెప్పడంతో, దక్షిణాఫ్రికాతో సిరీస్ ముందు సంఘం ఆమెను పక్కన పెట్టింది. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. కఠినంగా ఉంటేనే గెలుస్తామని ఒక వర్గం, పిల్లల మాట వినాలని ఇంకో వర్గం. వారాల తరబడి చర్చలు జరిగాయి. అక్టోబరు చివరకు రాజీ కుదిరింది, యాభై ఏడేళ్ళ వయసులో ఆమె మళ్ళీ జట్టు దగ్గరికి వెళ్ళారు.