త్యాగాల లెక్క ఎవరు వేయాలి?

ఆశయం వెంట నడిచిన స్త్రీని లోకం తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంత పోగొట్టుకుని ఏం సాధించావు?" మగవాళ్లకు ఈ ప్రశ్న అరుదుగా ఎదురవుతుంది.

తెలంగాణ సాయుధ పోరాటంలో (1946-51) పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. నా పరిశోధనలో పదేపదే ఆ పుస్తకం దగ్గరికే వెళ్తుంటాను. దళంతో అడవిలో ఉన్న కమలమ్మ కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చింది. ఆ కడుపుకోతను వీరగాథగా మార్చి మెచ్చుకోవడం అన్యాయమే. అయినా ఆ గొంతుల్లో నాకు ఎక్కువగా వినిపించేది పోరాటంలోకి వెళ్లినందుకు పశ్చాత్తాపం కాదు. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకెళ్లి సంసారాలు చూసుకోమన్నప్పటి బాధ.

కొండపల్లి కోటేశ్వరమ్మ ఉద్యమం కోసం పిల్లలకు దూరంగా రహస్య జీవితం గడిపింది. తర్వాత భర్త విడిచి వెళ్లాడు. నడివయసులో చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేస్తూ తన కాళ్ల మీద తాను నిలబడింది. బిడ్డలిద్దరినీ పోగొట్టుకుంది. తొంభై ఏళ్లు దాటాక, 2012లో, 'నిర్జన వారధి'తో తన కథ తానే చెప్పింది.

చేసిన త్యాగం ఒకవైపు, ప్రయత్నించలేదన్న చింత మరోవైపు పెట్టి తూచే తక్కెడ ఈ స్త్రీలకు చాలదు. ముందుకు నడిచాక దారి మూసేస్తే కలిగే దుఃఖానికి అందులో చోటు లేదు. ఆ దారి మూసిన వాళ్లనే మనం లెక్క అడగాలి.