వెన్నముద్దా, బాతా? ‘స్మోర్‌గోస్’ పదమూలంపై ఒక పరిశీలన

స్వీడన్‌లో ఉదయపు ఫలహారంలో తరచు కనిపించేది ఒంటి రొట్టెముక్క. దానిపై వెన్న, ఆపైన చీజో, కీరదోస చక్రాలో, ఉడికించిన గుడ్డో ఉంటాయి. మీద మరో రొట్టెముక్క కప్పే ఆచారం సాధారణంగా లేదు. దీని పేరు ‘స్మోర్‌గోస్’. పదాన్ని విడదీస్తే ‘స్మోర్’ అంటే వెన్న, ‘గోస్’ అంటే పెద్దబాతు. రొట్టెను సూచించే భాగం పేరులో లేదు. పేరులో ఉన్న బాతు పళ్ళెంలో లేదు. ఈ రెండు చిక్కులనూ కలిపి విప్పగలిగిన వివరణకే ఇక్కడ మొగ్గు చూపడమైనది.

1. ముందుగా ఇరుగుపొరుగు భాషలు. డేనిష్‌లో ‘స్మోరెబ్రోడ్’, జర్మన్‌లో ‘బుటర్‌బ్రోట్’ అనే మాటలు వెన్న, రొట్టె అనే రెండింటి కలయికలే. వేరే భాషాకుటుంబానికి చెందిన ఫిన్నిష్‌లో సైతం ‘వోయిలేయిపా’కు అర్థం వెన్నరొట్టె. స్వీడిష్ పదం ఈ వరుసలో ఇమడదు. అయితే ఈ పోలిక తేడాను చూపుతుందే గాని కారణాన్ని చెప్పదు.

2. కారణం విషయంలో ఎక్కువ ఆదరణ పొందిన వివరణ కవ్వం దగ్గర మొదలవుతుంది. మీగడ చిలికినప్పుడు పైకి తేలే వెన్నముద్దలను ‘గోస్’ అనేవారనీ, అవి నీటిలో ఈదే బాతులను తలపించడమే అందుకు కారణమనీ చెబుతారు. రొట్టెకు పూయడానికి ఆ ముద్దలు అనువైనవి. ఆ లెక్కన స్మోర్‌గోస్ తొలుత వెన్నముద్దకే పేరు. తరువాత ఆ ముద్ద పూసిన రొట్టెకు సంక్రమించి ఉండాలి. పై రెండు చిక్కులూ దీనితో విడిపోతాయి. కాని ఈ వివరణలో రెండు అంతస్తులున్నాయి: ముద్ద అనే అర్థం బలమైనది, ఈదే బాతుల పోలిక అంతకంటే బలహీనమైనది. పెరుగు చిలికే ఇళ్ళలో పెరిగిన తెలుగువారికి ఆ దృశ్యం వెంటనే కళ్ళకు కట్టవచ్చు. మనకు సహజంగా తోచినంత మాత్రాన పదం అలాగే పుట్టిందని రుజువు కాదు.

3. నీటిపై ఎగిరెగిరి సాగేలా పలుచని రాయి విసరడాన్ని స్వీడిష్‌లో ‘స్మోర్‌గోస్ విసరడం’ అంటారు. అదే ఆటకు ఇంగ్లీషులో బాతుల పేరే ఉండడం చూసి, స్వీడిష్ మాటలోనూ నీటిపక్షి దాగి ఉందనాలనిపిస్తుంది. ఈ సాక్ష్యాన్ని పక్కన పెట్టడమే మేలు. ఫిన్నిష్‌వారు ఇదే ఆటను ‘రొట్టెలు విసరడం’ అంటారు, అందులో పక్షి ప్రస్తావనే లేదు. రొట్టెముక్క వంటి రాయి చదును ఆకారమే ఈ వాడుకకు చాలిన కారణం కావచ్చు.

4. ఇదే పదంతో ఏర్పడిన విందు పేరు ‘స్మోర్‌గోస్‌బూర్డ్’లోని ‘బూర్డ్’ అంటే బల్ల. భోజనానికి ముందు అతిథులు నిలబడి సారాయితో పాటు రొట్టె, వెన్న, చీజ్, హెర్రింగ్ చేప తినే చిన్న బల్ల నుంచి ఈ విందు పెరిగిందని సాధారణ అభిప్రాయం. విదేశాల్లో దీని ప్రాచుర్యానికి 1939 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలోని స్వీడిష్ విభాగం తోడ్పడింది. ఇంగ్లీషులోకి వెళ్ళాక ఈ పదం ఏ కలగూరగంపకైనా పేరైంది. వెన్న, బాతు రెండూ వినేవారికి అందకుండా పోయాయి.

స్వీడన్‌లో నేటి మాటల్లో స్మోర్‌గోస్‌కు బదులు ‘మాక్కా’ అనే పొట్టి పదం ఎక్కువగా వినిపిస్తుంది. కష్టపడకుండా అందలమెక్కినవారిని ‘రొయ్యల మాక్కా మీద జారుకుంటూ వచ్చారు’ అంటారు. ఆ నుడికారంలో రొయ్యలున్నాయి గాని, బాతు లేదు.