పంతులుకు పాఠం ఎవరు చెప్పాలి?
ఉపాధ్యాయ శిక్షణ చరిత్రలో ఫూలే వేసిన ప్రశ్న

2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజైన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. దళిత బహుజన సంఘాలు ఏళ్ల తరబడి చేసిన ప్రచారం దీని వెనక ఉంది. సంతోషమే. అయితే పటానికి దండ వేయడంతో పని అయిపోదు. సావిత్రిబాయి పంతులమ్మ ఎలా అయింది? చదువు చెప్పడం ఆమె ఎక్కడ నేర్చుకుంది? ఎవరి పిల్లల ముందు నిలబడటానికి ఆ శిక్షణ పనికొచ్చింది? ఈ ప్రశ్నలు వేసుకోకపోతే ఆమె పేరు కూడా సెప్టెంబర్ 5 మాదిరిగా శాలువాలు కప్పే తేదీగానే మిగులుతుంది.

హైస్కూలు టీచర్లకు మంచి శిక్షణ ఎలా ఇవ్వాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట్లాడేది పద్ధతుల గురించే. పాఠ్య పథకం, బోధనోపకరణాలు, మూల్యాంకనం, ఇప్పుడైతే డిజిటల్ బోర్డు. ఇవి అక్కర్లేనివని ఎవరూ అనరు. కానీ టీచరుకీ వెలివాడ నుంచి వచ్చిన పిల్లకీ మధ్య ఉన్న దూరం ఈ పద్ధతుల్లో ఎక్కడా కనపడదు. ఆ దూరాన్ని తగ్గించడమే శిక్షణలో మొదటి పాఠం కావాలని 1882లోనే జోతిరావు ఫూలే ప్రభుత్వానికి రాసి ఇచ్చాడు. ఉపాధ్యాయ శిక్షణ చరిత్రను ఆ విజ్ఞాపన దగ్గర నిలబడి చూస్తే మరోలా కనిపిస్తుంది.

అరుగు మీది పద్ధతి

వలస పాలనలో బోధనా పద్ధతుల కథ మన వీధిబడి నుంచే మొదలవుతుంది. 18వ శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించే ఏర్పాటును అమలుచేశాడు. అదే 'మద్రాసు పద్ధతి' పేరుతో ఇంగ్లండు దాకా వెళ్లింది. దేశీయ విద్య గొప్పతనం అంటూ ఈ కథను మనవాళ్లు చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. ఆ అరుగు ఎక్కే హక్కు ఎవరికి ఉండేదో మాత్రం అడగరు. పద్ధతి సముద్రం దాటింది గానీ ఊరు దాటి మాలపల్లెకూ మాదిగవాడకూ రాలేదు.

1854లో ఉడ్ డిస్పాచ్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు పెట్టాలని చెప్పింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వచ్చింది. తర్వాతి కాలంలో సైదాపేట కాలేజీగా పేరుపడింది అదే. రాజమండ్రిలోనూ ట్రైనింగ్ కాలేజీ వెలిసింది. మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రులకు ఎల్.టి. పెట్టింది. ఎల్.టి. అంటే హైస్కూలు మేష్టరు ఉద్యోగానికి తాళంచెవి. ఆ తాళంచెవి చేతికి రావాలంటే ముందు డిగ్రీ ఉండాలి. డిగ్రీ కావాలంటే హైస్కూలు దాటాలి. ప్రాథమిక బడి గడపే దాటనివ్వని జాతులకు ఈ వరస ఏం చేసిందో విడిగా చెప్పనక్కర్లేదు. హైస్కూలు మేష్టరు ఏ కులంవాడో శిక్షణాలయం తలుపు దగ్గరే తేలిపోయింది.

పూనాలో జరిగిన మరో శిక్షణ

ఇదే కాలంలో పూనాలో ఇంకో రకం శిక్షణ నడిచింది. సావిత్రిబాయికి మొదటి గురువు భర్త జోతిరావే. ఆ తర్వాత అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ ఫరార్ దగ్గరా, పూనాలో మిచెల్ నడిపిన నార్మల్ స్కూల్లోనూ ఆమె శిక్షణ పొందింది. 1848లో భిడేవాడాలో ఆడపిల్లల బడి మొదలైంది. 1852లో మహర్, మాంగ్ పిల్లల కోసం బడి పెట్టారు. దారిలో ఆమె మీద పేడ, మట్టి విసిరిన సంగతి అందరికీ తెలుసు. దానికన్నా తక్కువగా చెప్పుకునే సంగతి ఇంకోటుంది. పంతులమ్మగా నిలబడటానికి ధైర్యం ఒక్కటే చాలని ఆ దంపతులు అనుకోలేదు. బోధన నేర్చుకోవాల్సిన పని అని గుర్తించారు, నేర్చుకున్నారు.

ఆ బోధన ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ముక్తా సాళ్వే. ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ బాలిక. పద్నాలుగేళ్ల వయసులో మాంగ్, మహర్ల దుఃఖం మీద ఆమె రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. అందులో ఆ పిల్ల మతాన్ని నిలదీసింది, పీష్వాల కాలాన్ని నిలదీసింది. ఎక్కాలూ అక్షరాలూ వల్లెవేయించే మేష్టరు దగ్గర ఇలాంటి వ్యాసం పుట్టదు. తన బతుకు కూడా చదువులో భాగమేననీ, దాన్ని రాయొచ్చనీ పిల్లకు నమ్మకం కలిగించిన బడి అది. ఏ శిక్షణ మంచిదో కొలవాలంటే ముందు చూడాల్సింది ఇలాంటి పిల్లల నోట్‌బుక్కులే. ఇన్స్పెక్టరు రిపోర్టు ఆ తర్వాత.

హంటర్ కమిషన్ ముందు

1882లో హంటర్ కమిషన్‌కు ఫూలే ఇచ్చిన విజ్ఞాపనను మనవాళ్లు నిర్బంధ ప్రాథమిక విద్య కోసం గుర్తుచేసుకుంటారు. పన్నెండేళ్ల వయసు దాకా చదువు తప్పనిసరి చేయాలన్నాడు, నిజమే. రైతుకూలీల చెమటతో వచ్చిన పన్నుల సొమ్ము పైకులాల పైచదువులకు పోతోందని లెక్క అడిగాడు, అదీ నిజమే. కానీ అందులో ఉపాధ్యాయుల గురించి రాసిన భాగం ఒక శిక్షణా ప్రణాళికలా ఉంటుంది.

మొదట ఉన్న పరిస్థితి చెప్పాడు. ప్రాథమిక బడుల్లో మేష్టర్లు దాదాపు అందరూ బ్రాహ్మణులే. నార్మల్ కాలేజీ నుంచి వచ్చినవాళ్లు కొద్దిమంది, మిగతావాళ్లకు శిక్షణే లేదు. జీతం పది రూపాయలు దాటడం అరుదు. వాళ్ల దగ్గర చదివిన పిల్లలు కష్టం చేసే వృత్తులు వదిలి నౌకరీల కోసం తిరుగుతారు. మహర్, మాంగ్ పిల్లల్ని పైకులాల పిల్లల పక్కన కూర్చోనివ్వరు. అయిదు వేలకు మించిన జనాభా ఉన్నా పూనా మొత్తానికి వాళ్లకున్నది ఒక్కటే బడి, హాజరు ముప్పై కన్నా తక్కువ.

తర్వాత ఏం చేయాలో చెప్పాడు. వీలైనంతవరకు సేద్యం చేసే వర్గాల నుంచే మేష్టర్లను తయారుచేయాలి. నాగలి మేడి పట్టడానికీ వడ్రంగి బాడిస పట్టడానికీ సిగ్గుపడనివాడు కావాలి. కిందికులాల మధ్య కలిసిమెలిసి ఉండగలిగేవాడు కావాలి. మామూలు సబ్జెక్టులతో పాటు వ్యవసాయం, పరిశుభ్రత కూడా శిక్షణలో ఉండాలి. జీతం కనీసం పన్నెండు రూపాయలు, పెద్ద ఊళ్లలో పదిహేను, ఇరవై. ఊరి లెక్కల తనిఖీ, దస్తావేజుల నమోదు, పోస్టాఫీసు లాంటి పనులు అప్పగిస్తే ఊళ్లో మేష్టరు మాటకు విలువ వస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. మన కులంవాడిని కుర్చీలో కూర్చోబెడితే చాలని ఫూలే ఎక్కడా అనలేదు. సామాజిక మూలం, చేతిపని మీద గౌరవం, సబ్జెక్టు జ్ఞానం, జీతం, ఊళ్లో హోదా అన్నీ కలిపి అడిగాడు. ఒకటి తీసేస్తే మిగిలినవి నిలబడవు. ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే విధానం పేదల చదువుకు పనికిరాదనీ చెప్పాడు. చదువు రుచి ఇంకా తెలియని జనం మధ్య అలాంటి షరతు మీద బడి పెట్టి బతకడం ఏ మేష్టరుకూ కుదరదన్నాడు. పైచదువును కూడా వదల్లేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష మేష్టర్ల, పిల్లల ధ్యాసనంతా మింగేస్తోందనీ, ఆ చదువు గుమాస్తాలనూ బడిపంతుళ్లనూ తయారుచేయడానికే సరిపోతోందనీ అన్నాడు. పదో తరగతి ఫలితాల శాతంతో హైస్కూలు టీచర్ని కొలుస్తున్న మనకు ఈ మాట పాతదిగా అనిపిస్తుందా?

తెలుగు నేల మీద

మన వైపు ఈ ప్రశ్నకు పాక్షికంగా జవాబు ఇచ్చింది మిషన్ నార్మల్ స్కూళ్లు. 1878లో ఒంగోలు ప్రాంతంలో మాదిగలు వేల సంఖ్యలో బాప్టిస్టు మిషన్‌లో చేరారు. పల్లెల్లో బడులు పెట్టాలంటే పల్లెలోనే ఉండే మేష్టర్లు కావాలి. అందుకే బాపట్ల లాంటి చోట్ల మిషన్ శిక్షణాలయాలు మాల మాదిగ యువకులను టీచర్లుగా తయారుచేశాయి. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు కోసం ఇచ్చిన ఉత్తర్వులో పంచమ ఉపాధ్యాయుల శిక్షణకు ప్రోత్సాహం కూడా ఉంది. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి ఆది హిందువుల బడులు నడిపాడు.

గుర్రం జాషువాను కవిగానే చదువుతాం. ఆయన గుంటూరు లూథరన్ చర్చి ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్లు పనిచేశాడు. వినుకొండ బడిలో అంటరానితనం అనుభవించిన మనిషి, రేపటి టీచర్లకు పాఠం చెప్పే స్థానంలో కూర్చున్నాడు. తెలుగు విద్యాచరిత్రలో ఇది చిన్న సంఘటన కాదు.

అయితే ఈ దారికి ఒక హద్దు ఉంది. పల్లె బడికి, చిన్న తరగతులకు, తక్కువ జీతానికి మనవాళ్లు సరిపోయారు. హైస్కూలుకు రాలేదు. 1927లో బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ చెప్పిన లెక్క ప్రకారం బడిలో చేరిన నూరుమంది పిల్లల్లో నాలుగో తరగతి చేరేది పద్దెనిమిది మందే. అన్ని కులాల పిల్లల లెక్కే ఇలా ఉంటే, వెలివాడ నుంచి హైస్కూలు దాటి, డిగ్రీ దాటి, ఎల్.టి. దాకా వెళ్లగలిగేది ఎంతమంది?

ఇప్పుడు

రిజర్వేషన్ల వల్ల పరిస్థితి మారింది. ప్రభుత్వ హైస్కూళ్లలో దళిత టీచర్లు ఉన్నారు, హెడ్మాస్టర్లూ ఉన్నారు. కానీ శిక్షణ ఎవరి చేతుల్లో ఉంది? ఉద్యోగానికి ముందు శిక్షణ ఇచ్చే సంస్థల్లో దాదాపు తొంభై శాతం ప్రైవేటువేనని 2012లో జస్టిస్ వర్మ కమిషన్ చెప్పింది. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్లయింది. నాలుగేళ్ల సమగ్ర కోర్సు రావాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. ఏళ్లు పెరుగుతున్నాయి. ఆ ఏళ్లలో ఏం నేర్పుతారన్నది అసలు సంగతి. నేను బి.ఇడి. చేసినప్పుడు ఒక్కో పాఠ్య పథకానికీ గళ్లు గీసి లక్ష్యాలు, ఉపకరణాలు నింపాం. వెనక బెంచీలో ఎవరు కూర్చున్నారు, ఎందుకు కూర్చున్నారు అని రాయడానికి ఆ గళ్లలో చోటు లేదు.

మనలో ఉన్న ఒక ధోరణి గురించి కూడా మాట్లాడుకోవాలి. మనోడు టీచరైతే చాలు, మన పిల్లలు బాగుపడతారు అనే మాట ఉద్యమాల్లో తరచూ వినపడుతుంది. మనోడు కావడం అవసరమే, దాని కోసం కొట్లాడాలి. కానీ శిక్షణ ద్రోణుడిదే అయితే అందులోంచి బయటికొచ్చేది కూడా ద్రోణుడే, కులం ఏదైనా సరే. ఫూలే అడిగిన జాబితాలోంచి మొదటి అంశాన్ని మాత్రమే మనం పట్టుకున్నాం.

కాబట్టి కొన్ని పనులు స్పష్టంగా అడగాలి. శిక్షణలో ఉన్న ప్రతివాళ్లూ తాము పాఠం చెప్పే పిల్లల వాడలకు వెళ్లి, కుటుంబాలతో మాట్లాడి రాసుకోవడం తప్పనిసరి కావాలి. దానికి మార్కులు ఉండాలి. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగును తప్పుగా కాక పాఠానికి మొదటి మెట్టుగా వాడటం నేర్పాలి. తోలుపని, మగ్గం, సేద్యంలో ఉన్న లెక్కనూ సైన్సునూ పాఠంలోకి తేవడం పద్ధతుల పేపర్లో భాగం కావాలి. బి.ఇడి. కాలేజీల అధ్యాపకుల నియామకాల్లో రిజర్వేషన్ ప్రైవేటులోనూ అమలు కావాలి. ఉద్యోగంలో చేరిన టీచరుకు మొదటి రెండేళ్లు అనుభవజ్ఞుడైన టీచరు తోడు ఉండాలి. ఫలితాల శాతం చూపించి టీచర్ని బెదిరించడం ఆపాలి. ఎందుకంటే ఆ బెదిరింపు చివరికి పడేది వెనక బెంచీ పిల్లల మీదే.

వీటిలో కొత్తది తక్కువ. ఎక్కువ భాగం 1882 నాటి విజ్ఞాపనలోని ఆలోచనకు కొనసాగింపే. ఆ విజ్ఞాపనను బి.ఇడి. మొదటి ఏడాది పాఠంగా పెట్టమని అడగడంతో మొదలుపెడదాం. జనవరి 3కి అంతకన్నా మంచి పని లేదు.